డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు: ఇంటికి తిరిగి రాని పరిశోధకుడు

గోదావరి డెల్టా గ్రామములలో బోదకాలు అన్న మాట ఎరుగనివారు లేరు. కాలువ గట్టుమీదనో, సంతవీధిలోనో, దేవాలయపు మెట్లమీదనో స్తంభమువలె వాచిన కాలితో కూర్చున్న మనుష్యుడు ఒకప్పుడు ఆ ప్రాంతమున ప్రతిదినము కనబడు దృశ్యము. దోమకాటు వలన దేహమున ప్రవేశించిన సన్నని పురుగులు రసనాళములలో నివాసమేర్పరచుకొని, ఏండ్ల తరబడి తమ సంతతిని రక్తములోనికి విడుచుచుండును. ఆ రక్తమును త్రాగిన దోమ మరియొకరిని కుట్టి వ్యాధిని వ్యాపింపజేయును. ఒకసారి పెరిగిపోయిన కాలు మరల మామూలు స్థితికి వచ్చుట దుర్లభము. కావున వ్యాధిని ముందుగనే అరికట్టుట తప్ప వేరు మార్గము లేదు.

అట్టి మార్గము 1947 లో దొరికెను. అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ అను చిన్న ఊరిలోని లెడర్లీ పరిశోధనాలయమునుండి డైఇథైల్‌కార్బమజీన్ అను మందు వెలువడెను. రక్తమున సంచరించు ఆ పురుగుల సంతతిని అది వేగముగ నశింపజేయును. 1955 లో భారత ప్రభుత్వము జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమమును ప్రారంభించినపుడు ఈ మందు అందులో ముఖ్యసాధనమయ్యెను. 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో ఏటేట ఇంటింటికి ఈ మాత్రలు పంచు పథకము అమలులోనికి వచ్చెను. ఆ మాత్రలను మ్రింగిన గోదావరీతీరవాసులలో, దాని పుట్టుకకు కారణమైన పరిశోధనాలయపు అధిపతి తమ భీమవరమున పుట్టినవాడని ఎరిగినవారు బహు స్వల్పము. ఆయన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 వ సంవత్సరము జనవరి 12 వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో ఆయన నాలుగవవారు. ఇంట లేమి, దానికి తోడు వ్యాధులు, మరణములు. రాజమహేంద్రవరమున సాగిన బాల్యవిద్య నిలకడగ నడువలేదు. పదుమూడవ యేట బాలుడు ఇల్లు విడిచి కాశీకి బయలుదేరెను. యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనవంతుడు కావలెనని ఆ బాలుని తలంపు. తల్లి పట్టుబట్టి వెనుకకు రప్పించి మరల బడిలో కూర్చుండబెట్టెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలునుండి ఆయన ఉత్తీర్ణులైరి. రెండుమారులు తప్పిన ఈ విద్యార్థియే తరువాత హార్వర్డు విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందెనన్న సంగతి, పరీక్షాఫలితముల దినమున కన్నీరు పెట్టుకొను ప్రతి ఇంటిలోను జ్ఞప్తికి తెచ్చుకొనదగినది.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువు ముగిసిన పిమ్మట సుబ్బారావుగారి మనస్సు సన్యాసమువైపు మరలెను. రామకృష్ణ మిషనులో చేరి సేవచేయుచు జీవితము గడుపవలెనని ఆయన కోరిక. తల్లి అనుమతి లేనిదే అచట చేర్చుకొనరు. వెంకమ్మగారు అనుమతి నీయలేదు. సేవకు మరియొక ద్వారము వైద్యము. సుబ్బారావుగారు మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. చదువునకు మిత్రులును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారును ధనసహాయము చేసిరి. సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరిగారిని ఆయన 1919 లో వివాహమాడిరి.

అవి గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న దినములు. సుబ్బారావుగారు శస్త్రచికిత్సా తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్ళిరి. ఆంగ్లేయుడైన ఆచార్యునకు అది గిట్టలేదు. చదువున లోపము లేకున్నను తుదకు ఆయనకు ఎం.బి.బి.ఎస్. పట్టము దొరకలేదు, దానికంటె తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. మాత్రము లభించెను. ప్రభుత్వ వైద్యశాఖలో ఉద్యోగముపై ఆశ అంతటితో అడుగంటెను. మద్రాసున డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించు పని మాత్రము దొరికెను.

ఈ మధ్యకాలముననే ఆ కుటుంబముపై పిడుగు పడెను. ఆహారము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి చూచుచుండగనే శల్యమైపోవు స్ప్రూ అను వ్యాధి ఆయన సోదరులనిద్దరను కొద్దిదినముల తేడాలో పొట్టబెట్టుకొనెను. మన పెద్దలు సంగ్రహణి యని పిలిచిన రోగములకోవకు చెందినది ఈ వ్యాధి. దానికి కారణము కాని, నికరమైన మందు కాని నాటి వైద్యులకు తెలియదు. వైద్యవిద్య నేర్చినవాడై యుండియు సోదరులను దక్కించుకొనలేకపోయిన మనుష్యుని వేదన ఎట్టిదో ఊహింపవచ్చును. తెలిసిన మందులిచ్చు వైద్యుడుగా కాక, తెలియని మందులు వెదకు పరిశోధకుడుగా మారవలెనన్న సంకల్పము ఆయనయందు దృఢపడెను.

కాకినాడ మల్లాడి సత్యలింగనాయకరు ధర్మసంస్థవారి సహాయముతోను, మామగారి సహాయముతోను సుబ్బారావుగారు ఓడ ఎక్కి 1922 అక్టోబరు 26 వ తేదీన బోస్టను నగరము చేరిరి. కొద్దికాలములో చదువు ముగించుకొని తిరిగి వచ్చుట అందరి ఆలోచన. శేషగిరిగారు పుట్టింట ఉండిపోయిరి. ఆయన వెళ్ళిన పిమ్మట పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడలేదు. భార్యను సైతము ఆయన మరల చూడలేదు.

హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్య పాఠశాలలో ఆయనకు ప్రవేశము దొరికెను గాని, గ్రాసవాసములకు దారి దొరకలేదు. భారతదేశమున పొందిన పట్టముతో అచట వైద్యవృత్తి చేయుటకు వీలులేదు. ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడుగు పనికి ఆయన కుదురుకొనిరి. పగలు పాఠములు, రాత్రి ఆ పని. శ్రోత్రియకుటుంబమున పుట్టి, వైద్యపట్టము పొందిన మనుష్యుడు ఆ పనిని చేసిరి. సేవకై సన్యసింపదలచినవానికి ఆ పని హీనముగ తోచియుండదు.

పిదప ఆయన హార్వర్డు వైద్యకళాశాల జీవరసాయన విభాగమున ప్రొఫెసరు సైరస్ ఫిస్క్ వద్ద పరిశోధనకు చేరిరి. ఆ కాలమున రక్తములోను, మూత్రములోను భాస్వరమెంత కలదో కొలుచుట శ్రమతో కూడిన పని. గురుశిష్యులిద్దరు కలసి 1925 లో ఒక సులభమార్గమును ప్రకటించిరి. పరీక్షింపవలసిన ద్రవమునకు మాలిబ్డేటు కలిపి, తగిన రసాయనముచే క్షయీకరింపగా నీలవర్ణము పుట్టును. భాస్వరమెంత ఎక్కువయో నీలిమ అంత గాఢము. ఆ గాఢతను పోల్చి చూచి పరిమాణమును లెక్కకట్టవచ్చును. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి యని పేరొందిన ఈ ప్రక్రియను తరతరముల జీవరసాయన విద్యార్థులు అభ్యసించిరి. మన కళాశాలలలో దానిని నేర్చుకొన్నవారు, ఆ జంటపేరులోని రెండవది భీమవరమువారిదని తెలిసి ఆశ్చర్యపడుట కలదు.

కొలబద్ద చేతికి వచ్చిన పిమ్మట కండరముల రహస్యము బయటపడెను. మనిషి చేయి కదల్చినను, గుండె కొట్టుకొన్నను కావలసిన శక్తి ఎచటినుండి వచ్చుచున్నది? లాక్టికామ్లము పుట్టుటయే దీనికి మూలమని నాటి శాస్త్రజ్ఞుల విశ్వాసము. కండరములలో భాస్వరమును క్రియాటినును కలసిన ఒక పదార్థము కలదనియు, కండరము పనిచేయునపుడు అది విడిపోయి, విశ్రాంతివేళ మరల కూడుకొనుచున్నదనియు ఫిస్క్, సుబ్బారావుగారలు 1927 లో కనుగొనిరి. అదియే ఫాస్ఫోక్రియాటిను. 1929 లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును వేరుపరచి చూపిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ సైతము స్వతంత్రముగ దానిని కనుగొనెను. ఏ.టి.పి. అని నేడు పాఠశాల పిల్లలు సైతము పలుకు ఈ పదార్థమే జీవకణములలో శక్తికి చెల్లుబడియగు నాణెము. తన రాబడినంతయు కణము మొదట ఈ నాణెముగ మార్చుకొని, పిదప ఖర్చు చేయును.

1930 లో సుబ్బారావుగారికి డాక్టరేటు లభించెను. అయినను హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి లభింపలేదు. ఏండ్లు గడచినకొలది క్రింది మెట్టుననే నిలిచిపోయిరి. ఆయన కృషియంతయు వెలుగులోనికి వచ్చినదనుటకు కూడ వీలులేదు. అదే విభాగమున ఫిస్క్ వద్ద పరిశోధన చేసి, 1988 లో నోబెల్ బహుమానము పొందిన జార్జి హిచింగ్స్ ఈ విషయమును గూర్చి తరువాత తెలిపిరి. సుబ్బారావుగారు వేరుపరచిన కొన్ని పదార్థములు ఆ దినములలో లోకమునకు వెల్లడి కాకపోవుటచే, ఏండ్ల తరువాత ఇతరులు వానిని మరల కనుగొనవలసివచ్చెనని వారి అభిప్రాయము. తన శ్రమ మరియొకరి నీడలో మాసిపోవుట ఎట్లుండునో సుబ్బారావుగారికి స్వానుభవమున తెలియును. ఆ అనుభవము మనుష్యులను రెండు విధములుగ మార్చును. కొందరు అధికారము చేతికి వచ్చిననాడు తామును అట్లే చేయుదురు. కొందరు ఇతరులకు ఆ బాధ కలుగనీయరు. సుబ్బారావుగారు ఈ రెండవ తెగవారు.

1940 లో ఆయన హార్వర్డు విడిచి లెడర్లీ సంస్థలో చేరిరి. స్వల్పకాలముననే పరిశోధనలన్నిటికి అధిపతియైరి. కార్జపు సారముతో రక్తహీనతను కుదుర్చు మార్గము 1920 దశాబ్దమున తెలియవచ్చినప్పటినుండి, ఆ సారములోని గుణము ఏ పదార్థమున కలదో తేల్చుటకు ఆయన హార్వర్డులోనే పాటుపడుచుండిరి. ఈ అన్వేషణకు భారతదేశముతో సంబంధము కలదు. బొంబాయి బట్టల మిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల రక్తహీనత ఈస్టు సారముచే కుదురుచున్నదని లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1931 లో ప్రకటించిరి. 1941 లో టెక్సాస్ శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరనుండి అతిస్వల్ప పరిమాణమున ఒక పదార్థమును తీసి, ఆకునుండి వచ్చినది కావున ఫోలికామ్లమని పేరిడిరి. ప్రకృతినుండి ఇంత స్వల్పముగ దొరకునది రోగులందరకు ఎట్లు చాలును? దానిని కృత్రిమముగ తయారుచేయవలెను. తయారుచేయుటకు ముందు దాని నిర్మాణము తెలియవలెను.

ఈ బరువును సుబ్బారావుగారు తలకెత్తుకొనిరి. సూక్ష్మజీవులను పెంచువారు, రసాయనములను విడదీయువారు, మరల కూర్చువారు అందరు ఒక జట్టుగ ఏర్పడిరి. 1945 లో ఫోలికామ్లపు కృత్రిమ నిర్మాణము ప్రకటింపబడెను. మరుసటి సంవత్సరము వెలువడిన సమగ్రపత్రమునకు పదునారుగురు రచయితలు. మొదటి పేరు రాబర్ట్ ఆంజియర్ అను రసాయనజ్ఞునిది. పరిశోధనలన్నిటికి అధిపతియైన సుబ్బారావుగారి పేరు ఏడవది. ప్రత్యేకస్థానము లేకుండ సహచరుల పేర్ల నడుమ అది ఒదిగియున్నది. బల్లవద్ద నిలిచి పనిచేసినవానికే ఆ పనిపై మొదటి హక్కు అని ఆయన మతము. అధిపతి సంతకము లేనిదే కాగితము కదలని కార్యాలయములలో జీవితము గడపువారికి ఈ ఏడవ స్థానపు విలువ వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ మందును స్ప్రూ రోగులకిచ్చి చూడగా, ఎముకలగూడువలె ఉన్నవారు ఆకలి పుట్టి, రక్తము పట్టి లేచి కూర్చుండిరి. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు దొరకెను. కాని వారు పోయి ఇరువది యేండ్లు దాటెను. నేడు మన దేశమున గర్భిణీస్త్రీలకు ఇనుముతోపాటు ఇచ్చు మాత్రలో ఉన్నది ఈ ఫోలికామ్లమే. గర్భస్థశిశువు వెన్నుపాము లోపములను అది చాలవరకు నివారించునని 1991 లో నిర్ధారణ అయ్యెను.

ఈ పరిశోధననుండియే మరియొక అద్భుతము పుట్టెను. కణము వృద్ధి చెందుటకు ఫోలికామ్లము తాళపుచెవి వంటిది. అచ్చముగ దానినే పోలియుండి, తాళములో దూరి, తాళము తీయక అందే ఇరుక్కొనిపోవు దొంగచెవిని తయారుచేసినచో, విచ్చలవిడిగ పెరుగు కేన్సరు కణములు నిలిచిపోవును గదా! ఫోలికామ్లమునకు విరోధులైన అట్టి పదార్థములను లెడర్లీ రసాయనజ్ఞులు తయారుచేసిరి. బోస్టనులో పిల్లల వ్యాధులతో పోరాడుచున్న సిడ్నీ ఫార్బర్ అను వైద్యునకు సుబ్బారావుగారు వానిని పంపిరి. రక్తకేన్సరు సోకిన పిల్లలు కొద్ది వారములలో మరణించుట నాడు తప్పనిసరి. అమినోప్టెరిన్ అను మందును 16 మంది పిల్లలకు ఇవ్వగా పదిమందికి కొంతకాలము వ్యాధి వెనుకకు తగ్గెనని ఫార్బర్ 1948 జూనులో ప్రకటించెను. అది శాశ్వతారోగ్యము కాదు. కాని మందుతో రక్తకేన్సరును వెనుకకు నెట్టవచ్చునని లోకమునకు తెలిసెను. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేటు నేటికిని కేన్సరుకు, కీళ్ళవాతమునకు వాడుకలో నున్నది.

సహచరులను ఎన్నుకొనుటలో ఆయన వయస్సు చూడలేదు. బెంజమిన్ డగ్గర్ అను వృక్షశాస్త్రాచార్యుడు పదవీవిరమణ చేసి డెబ్బదియేండ్లు దాటినవాడు. విశ్రాంతి తీసికొనవలసిన ఆ వృద్ధునకు లెడర్లీలో స్థానము లభించెను. దేశము నలుమూలలనుండి మట్టినమూనాలు తెప్పించి వెదకిన డగ్గర్, మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలమునుండి వచ్చిన మట్టిలో బంగారువర్ణపు సూక్ష్మజీవి నొకదానిని 1945 లో పట్టుకొనెను. దానినుండి పుట్టినదే ఆరియోమైసిను. టెట్రాసైక్లిను కుటుంబమున మొదటిది ఇదియే. పెన్సిలినునకు లొంగని అనేక వ్యాధులు దానికి లొంగెను. 1948 లో అది లోకమునకు ప్రకటింపబడినపుడు కీర్తి డగ్గరునకు దక్కెను. బోదకాలు మందు విషయమునను అంతే. దానిని జంతువులపై పరీక్షించి ప్రకటించిన పత్రమునకు ముందుండి పేరు వ్రాసినవాడు రెజినాల్డ్ హెవిట్. పసిఫిక్ ద్వీపములలో పోరాడిన అమెరికను సైనికులకు ఫైలేరియా సోకుటచే ఆ దేశమునకు ఈ అన్వేషణపై ఆసక్తి కలిగెను. సుబ్బారావుగారికి ఆ వ్యాధిని తెలిసికొనుటకు పసిఫిక్ సముద్రము దాటి వెళ్ళవలసిన పనిలేదు. పుట్టిన ఊరి వీధిలోనే దానిని చూచియుందురు.

1948 ఆగస్టు 9 వ తేదీన సుబ్బారావుగారు తమ గదిలో నిద్రలోనే హృద్రోగముచే మరణించినట్లు కనుగొనబడెను. అప్పటికి వయస్సు 53 సంవత్సరములు. భారతదేశము స్వతంత్రమై ఇంకను ఏడాది నిండలేదు. అమెరికా పౌరసత్వమును ఆయన పొందలేదు. ఇరువదియారు సంవత్సరములు ఆ దేశమున నివసించియు, పరదేశిగనే వచ్చి పరదేశిగనే వెళ్ళిపోయిరి.

ఆయన జీవితమున లోటు లేదని చెప్పుట సత్యము కాదు. శేషగిరిగారు ఎదురుచూచిన దినముల లెక్క ఏ పరిశోధనాపత్రమునను లేదు. పని ముగిసిన పిమ్మట ఇంటికి పోవచ్చునని తలచినవానికి పని ముగియలేదు. లోకమునకు కలిగిన లాభమునకు మూల్యమును ఆయనతోపాటు ఆమెయు చెల్లించెను. ఆయనను స్మరించునపుడు ఆమెను మరచుట న్యాయము కాదు.

గుర్తింపు ఆలస్యముగనైనను వచ్చెను. 1953 లో హెసెల్టిన్ అను లెడర్లీ శాస్త్రజ్ఞుడు తాను కనుగొన్న క్రొత్త బూజుజాతికి సుబ్బరోమైసిస్ అని పేరిడెను. చనిపోయిన అధిపతికి పని ఏమియు చేయించుకొనవలసిన అక్కర లేనివారు అర్పించు గౌరవమునకు స్వచ్ఛత ఎక్కువ. 1995 లో శతజయంతి సందర్భమున భారత తపాలాశాఖ ఆయన చిత్రముతో బిళ్ళను విడుదల చేసెను.

ఉద్యోగధర్మముచే కన్నవారికి, పుట్టిన ఊరికి దూరముగ నివసించు తెలుగువారికి సుబ్బారావుగారి కథలో తమ కథ కొంత కనబడును. మనిషి ఊరికి తిరిగి పోలేకపోయినను, అతడు చేసిన మంచిపని దారి తెలిసికొని అచటికి చేరగలదు. ఏటేట ఆరోగ్యశాఖవారు గోదావరి పల్లెలలో ఇంటింటి తలుపు తట్టి, అరచేతిలో తెల్లని మాత్రలు పెట్టిన దినములలో, భీమవరపు బిడ్డ ఆ ఇండ్లకు తిరిగి వచ్చినట్లే. ఆ మాత్రపై ఆయన పేరు లేదు. ఉండవలెనని ఆయన కోరలేదు. కాని మాత్ర చేతికి వచ్చినపుడు ఆ పేరు పిల్లలకు చెప్పుట పెద్దలు చేయదగిన పని.